తుఫాను హెచ్చరికలో వంటింటికీ ఒక పేజీ: మహా విశాఖ నగరపాలక సంస్థ కమిషనర్ గారికి బహిరంగ లేఖ



బంగాళాఖాతంలో తుఫాను ఏర్పడినప్పుడు తీరవాసులకు 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తం చేసే ప్రకటన, 24 గంటల ముందు కచ్చితమైన హెచ్చరిక వెలువరించడం భారత వాతావరణ శాఖ పాటిస్తున్న పద్ధతి. పడవలను ఒడ్డుకు చేర్చడానికి, లోతట్టు ప్రాంతాల వారిని తరలించడానికి, విద్యుత్ సిబ్బందిని మోహరించడానికి ఈ మూడు అంచెల గడువు ఉపయోగపడుతోంది. అదే గడువులో ప్రతి ఇంటి వంటగదినీ సిద్ధం చేసుకోవచ్చు. ఎలా సిద్ధం చేసుకోవాలో తెలిపే ఒక పేజీ నగరపాలక సంస్థ పేరుతో రుషికొండ మొదలు గాజువాక వరకు ఇంటింటికీ చేరాలన్నదే ఈ లేఖలోని విన్నపం. మందులు, తాగునీరు, టార్చిలైటు, నిల్వ ఉండే తిండి దగ్గర పెట్టుకోవాలని తుఫాను సూచనలు చెబుతూనే ఉన్నాయి. అప్పటికే ఇంట్లో వండి ఉన్న అన్నం, గిన్నెలో మిగిలిన కూర, ఫ్రిజ్‌లో పెట్టిన పాలు, చేపలు, మాంసం ఎన్ని గంటలు ఆగుతాయో, ఏది ముందు తినాలో, ఏది నిస్సంకోచంగా పారవేయాలో కూడా అంతే స్పష్టంగా చెప్పవలసిన అవసరం ఉంది.

ఈ అవసరాన్ని నగరం ఒకసారి చాలా కష్టం మీద తెలుసుకుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు విద్యుత్ స్తంభాలు, తీగలు, ఉపకేంద్రాలు దెబ్బతిని, అనేక కాలనీలు రోజుల తరబడి కరెంటు లేకుండా గడిపాయి. కైలాసగిరి మీది వాతావరణ రాడార్ కూడా పనిచేయకుండా పోయింది. మోటార్లు ఆగడంతో కుళాయిలకు నీరు రాలేదు, కూలిన చెట్లతో దారులు మూసుకుపోయి పాలు, కూరగాయలు అందలేదు. ఆ స్థితిలో ఒక ఇంటి ఫ్రిజ్‌లోని ఆహారం పాడవడం డబ్బు నష్టంతో ముగిసిపోయే విషయం కాదు. చేతులు, గిన్నెలు కడగడానికే నీరు చాలని రోజుల్లో, ఆసుపత్రికి దారి లేని రోజుల్లో, చెడిన తిండి వల్ల వచ్చే వాంతులు, విరేచనాలు పిల్లలకూ వృద్ధులకూ ప్రాణం మీదికి తెస్తాయి. నాలుగేళ్ళ తరువాత, 2018 అక్టోబర్‌లో, తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతాన్ని కూడా దీర్ఘకాలం చీకట్లో ఉంచింది. ఉత్తరాంధ్ర తీరానికి ఇది మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే పరిస్థితి కనుక, వంటింటి సన్నద్ధతను గృహిణుల సొంత తెలివికి వదిలివేయడం న్యాయం కాదు.

ఆహారం ఎందుకు పాడవుతుందన్న ప్రశ్నకు జవాబు క్లుప్తంగానైనా ఆ పేజీలో ఉండాలి. కారణం తెలియని నియమాన్ని ఆపదలో ఎవరూ గుర్తుపెట్టుకోరు. కంటికి కనిపించని బ్యాక్టీరియా దాదాపు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ వరకు ఉండే వేడిలో వేగంగా పెరుగుతుంది. ఆహార శాస్త్రం దీనిని ప్రమాద మండలం అంటుంది. అనుకూలించిన చోట కొన్ని రకాల సంఖ్య సుమారు ప్రతి 20 నిమిషాలకూ రెట్టింపవుతుంది. అందువల్లనే వండిన పదార్థాన్ని గది వేడిమిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 32 డిగ్రీలు దాటిన వాతావరణంలో ఆ గడువును ఒక గంటకు కుదించాలని అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తోంది. విశాఖలో ఏడాదిలో చాలా నెలల మధ్యాహ్నాలకు ఈ రెండో లెక్కే వర్తిస్తుంది. ఫ్రిజ్ బ్యాక్టీరియాను చంపదు, దాని పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది. కరెంటు పోయి లోపలి చలి తగ్గగానే ఆగిన పెరుగుదల మళ్ళీ మొదలవుతుంది.

ఇక్కడ అన్నం గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే తెలుగు ఇళ్ళలో రోజూ మిగిలేదీ, అందరూ నిరపాయమని నమ్మేదీ అన్నమే. బియ్యంలో సహజంగా ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాల రూపంలో, అంటే గట్టి పొర కప్పుకొని నిద్రాణంగా ఉండే రూపంలో, ఉడుకును తట్టుకొని బతుకుతుంది. వండిన అన్నం గిన్నెలోనే మూతపెట్టి గంటల తరబడి వదిలేస్తే, మధ్యభాగం చాలాసేపు గోరువెచ్చగా ఉండి, ఆ బీజాలు మొలకెత్తి, వాంతులు పుట్టించే విషాన్ని తయారుచేస్తాయి. ఈ విషం ప్రెషర్ కుక్కర్ వేడికి కూడా చెక్కుచెదరదు. నిన్నటి అన్నాన్ని బాగా వేడిచేసినా, పోపు పెట్టి పులిహోరగా మార్చినా, అప్పటికే పుట్టిన విషం పోదన్న మాట. మిగిలిన అన్నాన్ని వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరచి, ఆవిరి పోయిన వెంటనే చిన్న డబ్బాల్లోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మరుసటి రోజుకల్లా ముగించడమే సరైన మార్గం. వేడి గిన్నెను నేరుగా ఫ్రిజ్‌లో పెట్టకూడదన్న మాటను పట్టుకొని, చల్లారే వరకని సాయంత్రం దాకా బయటే ఉంచడం అంతకంటే పెద్ద పొరపాటు.

అయితే ఫ్రిజ్ లేని కాలంలో ఉత్తరాంధ్ర ప్రజలు మిగిలిన అన్నాన్ని ఎలా కాపాడుకున్నారన్న ప్రశ్నకు జవాబు చద్దన్నంలోనూ తరవాణిలోనూ ఉంది. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, మజ్జిగ కలిపి ఉంచితే, లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే మేలైన బ్యాక్టీరియా తెల్లవారేసరికి దానిని పులియబెడుతుంది. ఆ పులుపు పెరిగేకొద్దీ హానికరమైన జాతులు నిలదొక్కుకోలేవు. తరవాణి కుండలో పాత పుల్లనీటిని కొంత మిగిల్చి, దానిలోనే కొత్త గంజి పోయడంలోని సూక్ష్మం గమనించదగినది: అందులో మేలైన బ్యాక్టీరియా అప్పటికే సమృద్ధిగా ఉంటుంది కనుక, పులుపు ఆలస్యం లేకుండా మొదలై, ప్రమాదకరమైన తొలి గంటల నిడివి తగ్గుతుంది. ఈ కారణం చేతనే చద్దన్నం పెట్టదలచినవారు అన్నం ఆరగానే పుల్లని మజ్జిగ కలిపి నీళ్ళు పోయాలి. మధ్యాహ్నం నుంచి గిన్నెలో అలాగే పడి ఉన్న అన్నంలో రాత్రి నీళ్ళు పోసి దానిని చద్దన్నం అనుకోకూడదు. చోడి (రాగి) అంబలి, ఇడ్లీ పిండి, దోసె పిండి కూడా ఈ పులుపు నీడలోనే నిలుస్తాయి. కరెంటు పోయిన రాత్రి పిండి పొంగి పుల్లబడినా మరునాడు అట్లు పోసుకోవడానికి పనికివస్తుంది. పక్కనే ఉన్న పప్పు, కోడికూర అలా పనికిరావు. ఇంత శాస్త్రం ఇమిడి ఉన్న ఆచారాన్ని పేదవాడి తిండి అని చిన్నచూపు చూసిన తరాలు నష్టపోయాయి, దానిని మళ్ళీ ఇంటింటికీ పరిచయం చేసే అవకాశం ఇప్పుడు నగరపాలక సంస్థకు ఉంది.

అన్నం తరువాత, ఈ లేఖ రాసినవారు ఉండే రుషికొండలో రెండో ముఖ్యమైన సంగతి చేప. ఒకవైపు కొండల మీద ఐటీ కార్యాలయాలు, విశ్వవిద్యాలయం, వసతిగృహాలు, కొత్త అపార్ట్‌మెంట్లు, మరొకవైపు ఇసుక మీద జాలరుల పడవలు ఉన్న ఈ ఊళ్ళో, పొద్దున ఒడ్డుకు వచ్చిన చేప మధ్యాహ్నానికి ఎవరి ఫ్రిజ్‌లోకైనా చేరుతుంది. ఆ మధ్య గంటలే నిర్ణాయకమైనవి. కానాగంతలు, కవళ్ళు, ట్యూనా జాతి చేపల కండలో హిస్టిడిన్ అనే ఆమైనో ఆమ్లం, అంటే మాంసకృత్తులకు మూలమైన పదార్థాల్లో ఒకటి, ఎక్కువగా ఉంటుంది. చేపను మంచులో పెట్టకుండా ఎండవేడిమిలో వదిలితే బ్యాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మారుస్తుంది. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి రావడానికి కారణం ఇదే. చాలామంది దీనిని చేప పడకపోవడమని పొరబడతారు. వేయించినా, పులుసులో ఉడికించినా, గడ్డకట్టించినా హిస్టమిన్ నశించదు కనుక, కొన్న క్షణం నుంచి ఇంటికి చేరేవరకు చేపతోపాటు మంచు ఉండాలి. చేపల పులుసు మర్నాటికి రుచి పెరుగుతుందన్న నమ్మకంలో చింతపండు పులుపు కొంత కాపుకాస్తుందన్న నిజం ఉన్నప్పటికీ, ఆ కాపు ఉక్కపోతలో రోజుల తరబడి సాగేది కాదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. ఎండుచేప, ఎండ్రొయ్య తీరగ్రామాల ఇళ్ళకు ఇటువంటి దినాల ఆధారం. ఉప్పు, ఎండ కలిసి చేపలోని నీటిని తీసివేస్తాయి. బ్యాక్టీరియా వాడుకోగల నీటి పాలు, శాస్త్రపరిభాషలో నీటి క్రియాశీలత, తగ్గిపోవడం వల్ల అది నెలల తరబడి ఆగుతుంది. కానీ తుఫానులు వచ్చే అక్టోబర్, నవంబర్‌లలో సముద్రపు గాలిలోని చెమ్మను ఎండుచేప తిరిగి పీల్చుకుంటుంది, బూజు పడుతుంది, ఉప్పును ఇష్టపడే ఒక రకం సూక్ష్మజీవుల వల్ల ఎర్రని మరకలు వస్తాయి. ఇసుక మీద కాకుండా నేలకు ఎత్తుగా కట్టిన వల తెరల మీద ఆరబెట్టడం, బాగా ఎండిన తరువాత గాలి చొరని డబ్బాల్లో ఉంచడం దీనికి మందు. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలోనే పరిశోధన కేంద్రం ఉంది. జాలరిపేటలకు ఇచ్చే పేజీని ఆ కేంద్రం శాస్త్రవేత్తల చేత సరిచూయించడం నగరపాలక సంస్థకు కష్టమైన పని కాదు.

చెమ్మ ఎండుచేపతో ఆగదు. గళ్ళుప్పులో మిగిలిపోయిన మెగ్నీషియం లవణాలు గాలిలోని తేమను లాగడం వల్ల ఉప్పు నీరుకారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, కందిపప్పుకు పురుగు పడుతుంది. ఆవకాయ జాడీలో తడి గరిటె ముంచినా, పైన నూనె తేలకపోయినా బూజు ఖాయం. గిన్నెలు తుడుచుకోవడానికి పొడిగుడ్డ కూడా దొరకని తుఫాను రోజుల్లో, వారానికి సరిపడా ఊరగాయను చిన్న సీసాలోకి ముందే తీసుకొని పెద్ద జాడీని కట్టి ఉంచడం మేలు. అన్నట్టు, తినుబండారాలను వార్తాపత్రికల కాగితంలో చుట్టడం ఆరోగ్యానికి హానికరమని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2016లోనే హెచ్చరించింది. తుఫాను సహాయ పొట్లాలు కట్టేవారికి కూడా ఈ విషయం గుర్తుచేయవలసి ఉంది.

ఇంతవరకు చెప్పిన దానిని వాతావరణ శాఖ గడువులకు ముడివేస్తేనే అది పనికివచ్చే పేజీ అవుతుంది. తొలి సూచన వెలువడిన రోజున పచ్చి చేపలు, మాంసం, అదనపు పాలు కొనడం ఆపి, ఫ్రిజ్‌లో ఉన్నవాటిని ముందు వాడుకోవాలి. 48 గంటల ప్రకటన వచ్చాక ప్లాస్టిక్ సీసాలను ముప్పావు వంతు నీటితో నింపి ఫ్రీజర్‌లో గడ్డకట్టించాలి. కరెంటు పోయినప్పుడు అవే మంచుగడ్డలుగా పనిచేసి, కరిగిన తరువాత తాగునీరు అవుతాయి. మిగిలిన పాలను కాచి తోడు పెట్టడం మరో ఉపాయం, పెరుగులోని పులుపు దానిని పాలకంటే ఎక్కువసేపు కాపాడుతుంది కనుక. 24 గంటల హెచ్చరిక రాగానే ఫ్రిజ్ చలిని పెంచి, ఫ్రీజర్‌లోని వస్తువులను ఒకదానికొకటి ఆనించి సర్ది, ఆపైన అవసరమైతే తప్ప తలుపు తీయకూడదు. గ్లాసుడు నీటిని గడ్డకట్టించి, దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఫ్రీజర్‌లో ఉంచితే, ఇల్లు వదిలి వెళ్ళి తిరిగి వచ్చినవారికి జరిగినదేమిటో అది చెబుతుంది: బిళ్ళ పైనే ఉంటే మంచు కరగలేదు, అడుగుకు చేరి ఉంటే కరెంటు చాలాసేపు పోయి మళ్ళీ వచ్చిందని, లోపలి మాంసం, చేపలు తినదగినవి కావని అర్థం.

కరెంటు పోయాక తలుపు తీయని ఫ్రిజ్ సుమారు 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలిని నిలుపుతాయన్నది అమెరికా వ్యవసాయ శాఖ లెక్క. ఈ లెక్కను ఉన్నదున్నట్టుగా విశాఖకు తెచ్చి పెట్టకూడదు. ఇక్కడి చాలా ఇళ్ళలో ఉండేది ఒంటితలుపు ఫ్రిజ్. దాని పైభాగంలోని చిన్న మంచు అర, వేరే తలుపు ఉన్న పెద్ద ఫ్రీజర్‌తో సమానం కాదు, గది వేడిమి కూడా ఎక్కువ. కనుక ఫ్రిజ్‌కు ఆ 4 గంటలే గరిష్ఠమని, మంచు అరలోని పదార్థం మీద మంచు పలుకులు కనిపిస్తున్నంతవరకే దానిని వండుకోవచ్చునని పేజీ చెప్పాలి. గడువు దాటితే వండిన అన్నం, పప్పు, కూరలు, పాలు, చేప, మాంసం, కోసిన పండ్లు పారవేయాలి. వాసన చూసి, నాలుక మీద వేసుకొని నిర్ణయించడం ప్రమాదకరం. రోగకారక బ్యాక్టీరియా అనేక సందర్భాల్లో రుచినీ వాసననూ మార్చదు. నెయ్యి, ఊరగాయలు, నిమ్మకాయలు, కోయని కూరగాయలు, పండ్లు చెడిపోయేవరకు వాడుకోవచ్చు. వరద నీరు తాకినదేదైనా, మూత ఉన్నా లేకున్నా, ఇంట్లో ఉంచుకోకూడదు. గట్టిగా మూసి ఉన్న రేకు డబ్బాలను మాత్రం కడిగి, శుద్ధిచేసి వాడుకోవచ్చు.

ఈ పేజీ ఉపయోగం తుఫానుతో తీరిపోదు. మూడు షిఫ్టుల్లో నడిచే విశాఖ ఉక్కు కర్మాగారంలో రాత్రి షిఫ్టుకు వెళ్ళేవారి క్యారేజీ, సాయంత్రం వండి, వేడిగా మూతపెట్టి, అర్ధరాత్రి దాటాక విప్పేది. ప్రమాద మండలంలో అది గడిపే సమయం ఎంతో చెప్పనవసరం లేదు. వసతిగృహాల విద్యార్థులు ముగ్గురు నలుగురు పంచుకునే చిన్న ఫ్రిజ్‌లో, రోజుకు ఎన్నోసార్లు తెరిచే తలుపు పక్కనే పాల ప్యాకెట్లు ఉంటాయి, అక్కడే చలి అన్నిటికంటే తక్కువ. పచ్చి మాంసం కింది అరలో, వండినవి పైన, దేనికదే మూతతో, వండిన తేదీ రాసిన చిన్న చీటీతో ఉండాలన్న సంగతిని వార్డు సచివాలయ సిబ్బంది చేతనే చెప్పించవచ్చు.

వ్యర్థాల విషయంలో నగరపాలక సంస్థ బాధ్యత ఇంకా సూటిగా ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా 105 కోట్ల టన్నుల ఆహారం వ్యర్థం కాగా, అందులో 60 శాతం ఇళ్ళ నుంచి వచ్చింది. రుషికొండ ఇళ్ళలో పారవేసిన అన్నం, కూర చేరేది ఇదే తీరం వెంట ఉత్తరాన ఉన్న కాపులుప్పాడకు. అక్కడ చెత్త నుంచి విద్యుత్ తీసే కర్మాగారానికి తడి వ్యర్థం భారమే, ఎందుకంటే నీటిని ఆవిరి చేయడానికే వేడి ఖర్చవుతుంది. తుఫాను తరువాతి వారంలో ఒకేసారి వేల ఫ్రిజ్‌లు ఖాళీ అయినప్పుడు, దారులు మూసుకుపోయి వాహనాలు రాకపోతే, ఆ కుళ్ళు ఈగలకు, ఎలుకలకు నిలయమవుతుంది. పాడైన ఆహారాన్ని విడిగా కట్టి ఏ చోట పెట్టాలో, ఏ రోజు తీసుకువెళతారో ముందే ప్రకటించడం, కూలిన చెట్లను తొలగించే బృందాల దారిపట్టికలోనే ఈ వాహనాలను కూడా చేర్చడం కమిషనర్ గారి అధికార పరిధిలోని పనులు. విద్యుత్ పునరుద్ధరణ క్రమాన్ని తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ నిర్ణయిస్తుంది కనుక, ఏ కాలనీకి ఎప్పటికి కరెంటు రావచ్చునో ఆ సంస్థ నుంచి తెలుసుకొని ప్రజలకు చెబితే, ఫ్రిజ్‌లో ఉన్నదానిని ఆ రోజే వండి ఇరుగుపొరుగుతో పంచుకోవాలో, వేచి చూడాలో ఇంటివారు నిర్ణయించుకోగలుగుతారు.

ఈ తీరాన్ని తీవ్రమైన తుఫానులు ఎక్కువగా తాకేది అక్టోబర్, నవంబర్ నెలల్లో కనుక, పేజీ సెప్టెంబర్ ముగిసేలోపు ఇళ్ళకు చేరాలి. మొబైల్ సందేశం ఒక్కటీ చాలదు, హుద్‌హుద్ రోజుల్లో ఫోన్లు కూడా మూగబోయాయి. ఫ్రిజ్ తలుపు మీద అంటించుకునేందుకు వీలుగా తడిసినా చిరగని కాగితం మీద, పెద్ద అక్షరాల్లో, చదవడం రానివారి కోసం బొమ్మలతో అచ్చువేయించాలి. ఫ్రిజ్ లేని జాలరి ఇళ్ళకు వేరే ప్రతి ఉండాలి: అందులో చద్దన్నం, తరవాణి పద్ధతులు, ఎండుచేపలను చెమ్మ నుంచి కాపాడే విధానం, సహాయ శిబిరంలో అందిన వండిన తిండిని ఎన్ని గంటల్లోగా తినాలన్న సూచన చేర్చాలి. శిబిరాలకు పొట్లాలు పంపే దాతలకూ, హోటళ్ళకూ అదే సూచన వర్తిస్తుంది. ప్రతి పొట్లం మీద వండిన గంటను రాయడం తప్పనిసరి చేస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కూడా కమిషనర్ గారిని కోరడమైనది.

ఇట్లు,
రుషికొండ నివాసి ఒకరు